నీళ్ళ మర్యాద

వైశాఖ బహుళ పాడ్యమి

ఈరోజు నా నోటి నుంచి వచ్చిన మాటలన్నీ కుప్ప పోస్తే సగానికి పైగా ఒకటే మాట ఉంటుంది: "ఆ అనండి." మిగతాది "మింగండి", "మళ్ళీ ఆ అనండి". ఇంతకు మించి మాట్లాడే అవసరం ఈ ఓడ మీద రాదు. ఓడకు చేతులున్నాయి, పక్కలు మారుస్తుంది, ఒళ్ళు తుడుస్తుంది. కళ్ళున్నాయి, రాత్రీ పగలూ రోగులను చూస్తుంది. గొంతు మాత్రం ఎప్పుడో పాడైంది, బాగుచేయడానికి ఎవరూ రాలేదు. అందుకని మేమిద్దరం ఒకరినొకరు విసిగించుకోకుండా కాపురం చేస్తున్నాం.

పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళను తేలూళ్ళ నుంచి, అంటే సముద్రం మీద తేలే ఊళ్ళ నుంచి, ఇక్కడికి తెస్తారు. చెయ్యి పడిపోయిందో కాలు పడిపోయిందో ఎవరైనా చెప్పగలరు. గొంతు పడిపోయిందా అన్నది పైకి తెలియదు. నీళ్ళు దారి తప్పి ఊపిరితిత్తుల వైపు పోతే కొందరు దగ్గుతారు. దగ్గేవాళ్ళతో నాకు భయం లేదు. దగ్గు రాకుండా, నవ్వుతూ కబుర్లు చెబుతూ నీళ్ళను ఊపిరితిత్తుల్లోకి దింపుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళను పట్టుకోవడమే నా ఉద్యోగం. నోరు శుభ్రం చేసి, నిటారుగా కూర్చోబెట్టి, మెడకు గొంతుపట్టీ కట్టి, చెంచాతో నీళ్ళు పోస్తాను. నీళ్ళు సరైన దారిన దిగితే పట్టీ మీద ఆకుపచ్చ దీపం, తప్పితే ఎర్ర దీపం. ఆ తరువాత "ఆ" అనిపిస్తాను. గొంతు తడిగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టు పలికితే అది కూడా తప్పిన లెక్కే.

ఒకరోజు ఆలస్యంగా ఈరోజు చేరిన పున్నమి పడవలో కొత్త మనిషి వచ్చింది. గరికిన ఎర్రమ్మ, గవ్వలపేట తేలూరు, డెబ్బై నాలుగేళ్ళు. కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి, మూతి కాస్త పక్కకు లాగింది. నోరు మాత్రం పూర్తి స్వాధీనంలో ఉంది.

పట్టీ కట్టబోతే మెడ వెనక్కి లాక్కుంది.

"మేకకి కట్టినట్టు కట్టేత్తన్నావేటి బాబూ? నీ పేరేటి?"

"సన్యాసినాయుడు."

"పెళ్ళాం పిల్లలు?"

"లేరు."

"పేరెట్టినోల్లు ముందే సూసుకున్నారన్నమాట," అంది.

నాకు ఒళ్ళు మండాల్సింది. నవ్వొచ్చింది. నవ్వు మర్చిపోయిన మొహం కదా, దవడలు కాస్త నొప్పి పెట్టాయి కూడా.

చెంచా నీళ్ళు మింగింది. ఆకుపచ్చ. "ఆ అను అప్పా" అంటే (మా వైపు అక్కను అప్ప అంటాం), పక్క పడవలో మనిషిని పిలిచినట్టు గట్టిగా అంది. నిద్రపోతున్న ఇద్దరు ముసలాళ్ళు లేచి కూర్చున్నారు. గొంతు పొడిగా, శుభ్రంగా ఉంది. నెగ్గింది. మంచం పక్కన ఇత్తడి గ్లాసు పెట్టాను.

గ్లాసు చేతికిచ్చి, అలవాటు ప్రకారం ముఖం తిప్పుకున్నాను. ఓడ కూడా టక్కున కళ్ళు మూసుకుంది. మన నీళ్ళ మర్యాద అది. పెదవి జ్వరం వచ్చిన రోజుల్లో ఒకరి ఎంగిలి తాగి ఊళ్ళకు ఊళ్ళు పోయాయట. అప్పటినుంచి గ్లాసుకు పెదవి తగలకూడదు, తాగేవాళ్ళను ఇంకొకరు చూడకూడదు. చెంచాతో పట్టేది మందు లెక్క, దానికి ఈ నియమం లేదు. జ్వరం పోయి రెండు తరాలయింది. మర్యాద మిగిలింది. నేను పుట్టింది జ్వరం పోయాకే, అయినా ఇత్తడి గ్లాసు అంచు చూస్తే నా పెదవులు వాటంతట అవే ముడుచుకుంటాయి.

వైశాఖ బహుళ ద్వాదశి

దానయ్యకు జ్వరం. రొమ్ములో గురగుర. పడవల అడుగుకు కీలు, అంటే తారు, పూసే పని చేసేవాడు, మంచి మాటకారి. పోయిన వారమే పట్టీ ఆకుపచ్చ చూపించింది. చెంచా నీళ్ళు కాదు, చెంచా చెంచాగా గిన్నెడు తాగినా ఒక్క దగ్గు లేదు. "నా గొంతు బొగ్గు ఓడ గొట్టం లాటిది బాబూ" అని నా బుగ్గ గిల్లాడు. ఈ ఓడ ఒకప్పుడు బొగ్గు మోసేదిలెండి. ఇప్పటికీ మూలల్లో నల్లటి ధూళి చేతికి అంటుతుంది.

అమావాస్య పడవలో ఆయన్ని గొట్టాల పడవకు పంపించాలి. అక్కడ ముక్కులో గొట్టం పెట్టి దాని గుండానే అన్నీ పోస్తారు. గొట్టం చెడ్డదని అనను, ప్రాణం నిలబెడుతుంది. కానీ గొట్టం ఉన్నవాళ్ళను తేలూళ్ళలో చూసుకోలేరు. అందుకని అక్కడికి పోయినవాళ్ళు అక్కడే ఉండిపోతారు.

ఆయన మంచం పక్కన గ్లాసు తీసేస్తుంటే నా చేతి వంక చూశాడు. మాటకారి ఏమీ అనకపోతే చాలా కష్టంగా ఉంటుంది.

జ్యేష్ఠ శుద్ధ తదియ

ఇంకో మనిషి. తాతారమ్మ. ఆమె కూడా నెగ్గింది, ఆమెకూ జ్వరం.

మధ్యాహ్నం కొండ మీది కేంద్రం నుంచి డాక్టరు మృణాళిని గారు రేడియోలో పిలిచారు. ఆమె ముఖం నేనెప్పుడూ చూడలేదు. గొంతును బట్టి నిద్ర సరిపోని మనిషి అని మాత్రం తెలుసు.

"నాయుడు గారూ, మీ ఓడ ఒక్కటే కాదు. అన్ని ఓడల్లోనూ ఇదే తంతు. పట్టీ పచ్చజెండా ఊపినవాళ్ళకే జ్వరాలు వస్తున్నాయి."

"పట్టీలు చెడ్డవేమో డాక్టరు గారూ. పాత పద్ధతే నయం."

పాత పద్ధతిలో కొత్త రోగికి రెండు వారాలు చెంచాతోనే నీళ్ళు పట్టేవాళ్ళం. ఈ వేసవిలో పట్టీలు వచ్చాక, నెగ్గినవాళ్ళకు ఆ రోజే గ్లాసు ఇచ్చేస్తున్నాం. నాకు పని తగ్గింది. పని తగ్గడం నాకేమీ సంతోషం కాదు, చెంచాతో పట్టేటప్పుడు కనీసం మనిషి ఎదురుగా కూర్చునేవాడిని.

"ఇక్కడ పట్టీలన్నీ పరీక్షించాం, బాగానే ఉన్నాయి," అన్నారు ఆమె. "పైవాళ్ళు ఓ నిర్ణయానికి వచ్చేశారు. కారణం దొరక్కపోతే ఈ పున్నమి నుంచి డెబ్బై దాటిన ప్రతి పక్షవాతం రోగికీ గొట్టమే. పరీక్ష ఉండదు. నాకది ఇష్టం లేదు. కాని నా దగ్గర కారణం లేదు."

డెబ్బై దాటినవాళ్ళు. నా వార్డులో దాదాపు అందరూ. ఎర్రమ్మ కూడా.

"మీరొక పని చేయగలరా?" అన్నారు. "పరీక్ష అయ్యాక పట్టీ విప్పేస్తున్నాం కదా. ఒకరికైనా రోజంతా ఉంచి చూడండి. మనకు కనిపించని వేళ ఏదో జరుగుతోంది."

మంచి ఆలోచన. నాకు తట్టనందుకు కాస్త ఉక్రోషం వచ్చింది, రాసుకుంటే తప్పేముంది.

జ్యేష్ఠ శుద్ధ పంచమి

ఎర్రమ్మ గవ్వలపేటలో నీళ్ళ పెద్ద అని ఈరోజు తెలిసింది. సాయంత్రం తేలూరంతా వరసగా కూర్చుంటారు, పెద్ద కూజాతో ఒక్కొక్కరి నోట్లో నీళ్ళు పోస్తుంది. పోస్తున్నంతసేపు వరసలో మిగతావాళ్ళు ముఖాలు తిప్పుకుంటారు. నీళ్ళ పెద్ద ఒక్కతే చూడొచ్చు.

"ఊరందరి గొంతుకలూ నాకెరికే," అంది. "ఎవులికి కోపవొచ్చిందో, ఎవులు ఏడ్సొచ్చినారో, నీల్లు పోత్తంటే తెలిసిపోద్ది. ముసలోల్లకి సన్నగా పొయ్యాల. పిల్ల గుంటలకి ఆపి ఆపి పొయ్యాల."

"ఇప్పుడెవరు పోస్తున్నారు?"

"మా మరదలు. దానికి ఓపిక నేదు. గబగబా ఒంపేత్తది." ఎడమ చేత్తో చచ్చుబడ్డ కుడి చేతిని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది, పిల్లిపిల్లను పెట్టుకున్నట్టు. "ఎడం సేత్తో నేర్సుకుంటాను. ఎల్లగానే మొదలెట్టీడవే."

తరువాత నా సంగతి అడిగింది. చెప్పాను. మా తేలూరు తుఫానులో చెదిరిపోయింది. బతికినవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు వేరే ఊళ్ళకు చేరారు. నేను ఉద్యోగం పేరుతో ఓడెక్కాను. పున్నమితో నా వంతు పూర్తవుతుంది, బదులు మనిషి వస్తాడు. దిగాక ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. సాయంత్రం నీళ్ళ వరసలో కూర్చుని ఎన్నాళ్ళయిందో కూడా తెలియదు.

"తెలవకపోడవేటి? మా వరసలో కూకో," అంది. ఏదో ఉప్పు అప్పిస్తున్నట్టు, అంత మామూలుగా. "నా పక్కనే సోటుంది. నానే పోత్తాను నీకు."

నేను పట్టీలు కడగాలని చెప్పి లేచి వచ్చేశాను. కడగాల్సిన పట్టీలేమీ లేవు. పడవలు వచ్చే వైపు ఓడ కమ్మీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నీళ్ళ కింద మునిగిన ఊరి సెల్ టవర్ కొస ఒకటి అలల్లో కనబడుతూ పోతూ ఉంది. పున్నమి ఎప్పుడొస్తుందా అనిపించింది. అలా అనిపించడం నాకు కొత్త.

జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి

ఉదయం ఎర్రమ్మ నుదురు వెచ్చగా ఉంది. ఏమీ లేదని ఆమెకు చెప్పి, డాక్టరు గారు అన్నట్టు పట్టీ కట్టి విప్పకుండా ఉంచాను.

పొద్దున చెంచా నీళ్ళు, ఆకుపచ్చ. మధ్యాహ్నం గుజ్జన్నం, ఆకుపచ్చ. సాయంత్రం గ్లాసు చేతికిచ్చి ముఖం తిప్పుకున్నాను. ఓడ కళ్ళు మూసుకుంది. వెనక నుంచి పట్టీ కుయ్యిమంది.

"నీ మేకతాడు అరుత్తంది బాబూ."

చూస్తే ఎర్ర దీపం. ఎర్రమ్మ దగ్గలేదు. చిరునవ్వుతో మూతి తుడుచుకుంటోంది.

పట్టీ చెడిందనుకున్నాను. చెంచాతో మళ్ళీ పట్టాను, ఆకుపచ్చ. గ్లాసు ఇచ్చాను, ముఖం తిప్పాను, కుయ్యిమంది. పట్టీ విప్పి నా మెడకు కట్టుకుని చెంచాతో తాగాను. ఆకుపచ్చ. గ్లాసెత్తి పోసుకున్నాను. ఆకుపచ్చే. పట్టీకి ఏ రోగమూ లేదు.

గ్లాసు దించబోతూ ఆగిపోయాను. నేను చూస్తున్నది ఓడ పైకప్పును. తల పూర్తిగా వెనక్కి వాలిపోయి ఉంది. చెంచాతో తాగినప్పుడు నేను చూసింది నా మోకాళ్ళను.

ఎత్తి పోసుకునేటప్పుడు ఎవరైనా తల వెనక్కే వాలుస్తారు. అది తెలియని మనిషి లేడు. కాని గొంతు చచ్చుబడ్డ మనిషి అలా తల వాలిస్తే లోపల ఏమవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు, ఎందుకంటే ఎప్పుడూ చూడలేదు. యాభై ఏడేళ్ళొచ్చాయి. మింగడం నా వృత్తి. ఒక మనిషి గ్లాసెత్తి నీళ్ళు తాగడం నేను జన్మలో ఒక్కసారీ చూడలేదు. ఓడా చూడలేదు. డాక్టరు గారూ చూసి ఉండరు. చూడకూడదు కనుక.

"అప్పా," అన్నాను, "ఇప్పుడు నువ్వు తాగేటప్పుడు నేను ముఖం తిప్పుకోను. చూస్తాను."

ఎర్రమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. తిడుతుందనుకున్నాను. చాలాసేపు గ్లాసు వంక చూసింది.

"నానందరివీ సూసినాను," అంది నెమ్మదిగా. "నన్నెవులూ సూడనేదు. సూడు."

ఎడమ చేత్తో గ్లాసెత్తింది. తల వెనక్కి వాల్చింది. నోరు తెరిచింది. నాలుక సగం కదిలింది, సగం కదల్లేదు. ధార నేరుగా, మింగే లోపలే, గొంతు దాటి దిగిపోయింది. ఎర్ర దీపం. దగ్గు లేదు. మూతి తుడుచుకుని నా వైపు సిగ్గుగా చూసింది.

"ఆ అను అప్పా."

"ఆ..."

గొంతు తడిగా వచ్చింది. ఇన్నాళ్ళూ నేను చెంచా నీళ్ళ తరువాతే "ఆ" అనిపించాను. గ్లాసు నీళ్ళ తరువాత ఎవరినీ అనమనలేదు. మంచం అంచునే కూలబడ్డాను. దానయ్య, తాతారమ్మ, వాళ్ళ మంచాల పక్కన గ్లాసులు పెట్టింది నేనే.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి

డాక్టరు గారికి చెప్పాను.

"నేను కూడా ముఖం తిప్పుకునే పెరిగాను నాయుడు గారూ," అన్నారు. "సరే. ఇప్పుడు ఆమెకే గ్లాసు అంచుకు పెదవి ఆనించి, గడ్డం కిందికి దించి తాగించండి. చెంచా చాలదు, ఇంటికెళ్ళాక రోజూ చెంచాతో పట్టేవాళ్ళుండరని పైవాళ్ళంటారు. పట్టీ ఆకుపచ్చ చూపిస్తే ఆ ఫలితం నాకు పంపండి. పున్నమి లోపల రావాలి. గొట్టాలు పడవకు ఎక్కించేశారు."

వైద్యం చాలా తేలిక. పెదవి ఆనించడం, గడ్డం దించడం. పసిపిల్లలకు కూడా వచ్చే పని.

ఎర్రమ్మకు చెప్పాను. వినగానే తల అటు తిప్పేసింది.

"అప్పా, లేకపోతే గొట్టం పెడతారు. గొట్టాల పడవకు పోతావు."

"పోతాను."

"అదేం మాట?"

"ఎంగిలి గలాసు తాగి నాను ఊరికెల్లి ఏటి సెయ్యాల? నీల్ల పెద్దని. పెదవి ఆనింది అంటే నా గలాసు ఏరే, నా సాప ఏరే. వరస సివర కూకోవాల. కూజా ముట్టనివ్వరు." ఎడమ చేత్తో మూతి కప్పుకుంది. "మా సెల్లి, నాను ఒక గలాసులో తాగినాం. అమ్మ ఇచ్చింది. మూడేల్లది. అది పోయింది, నానున్నాను. అప్పట్నించి ఈ పెదవి దేనికీ ఆననేదు."

"ఆ జ్వరం ఇప్పుడు లేదు అప్పా."

"నాకుంది," అంది.

వార్డు చివరికి వెళ్ళి కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఆమె గొట్టాల పడవకు పోతే నాకు ఆ వరసలో చోటు ఎవరిస్తారు? ఇంత నీచంగా ఆలోచించానని రాసుకోవడం బాగాలేదు. కాని ఆలోచించాను. తరువాత ఆ ఆలోచన మీద నాకే అసహ్యం వేసింది, అదీ రాస్తున్నాను.

జ్యేష్ఠ శుద్ధ త్రయోదశి

ఉదయం నా గ్లాసు తెచ్చుకుని ఎర్రమ్మ ఎదుట కూర్చున్నాను. అంచుకు పెదవి ఆనించి తాగి చూపించాను. ఇత్తడి చల్లగా, ఉప్పగా తగిలింది. ఒళ్ళంతా జలదరించింది. చచ్చిపోలేదు.

ఎర్రమ్మకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నీ గలాసుకి నువ్వు ఆనితే నీకేటి పోయింది? ఒంటి మనిసివి. నీ గలాసు నీదే, నీ సాప నీదే. పోయేదంతా నాకే గదా."

నిజమే. నా త్యాగం చవక సరుకు. ఆమె అది ఇట్టే కనిపెట్టేసింది, జీవితమంతా గొంతులు చదివిన మనిషి.

ఆమె మంచం పక్కన ఆమె గ్లాసు ఉంది, నిండా నీళ్ళతో. ఒకరి గ్లాసుకు మరొకరి పెదవి ఆనితే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. వానలు వెలిసేదాకా ఏ తేలూరిలోనూ కాలు పెట్టకూడదు. ఏ వరసలోనూ కూర్చోకూడదు. ఆ మనిషి ఎక్కిన పడవను కూడా రేవులోకి రానివ్వరు. తేలూళ్ళ కట్టుబాట్లలో ఇంతకంటే పెద్దది లేదు. పున్నమి ఎల్లుండి.

ఎక్కువ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసి ఉండేవాడిని కాదు. ఆమె గ్లాసు తీసుకుని, అంచుకు పెదవి ఆనించి, గడ్డం దించి, సగం తాగేశాను.

"ఒరే! ఒరే నాయుడా!" అని అరిచింది. వార్డంతా లేచింది. "ఎంత పని సేసినావురా! నా పక్కన సోటు ఉంచినాను గదరా నీకు!"

"ఇప్పుడు నాకూ పోయింది అప్పా," అన్నాను.

ఎడమ చేత్తో నా చేతిలోని గ్లాసు లాక్కుని కిటికీలోంచి సముద్రంలోకి విసిరేసింది. ఎడమ చేతికి ఇంత బలం ఉందని ఆమెకు కూడా తెలియదనుకుంటాను. తరువాత ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఓడ ఒక చెయ్యి చాచి ఆమె ముఖం తుడవబోతే ఆ చేతిని కొట్టింది. ఇంకో చెయ్యి రాలేదు.

చాలాసేపటికి, "కొత్త గలాసు తే," అంది.

తెచ్చాను. అంచును కొంగుతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. కళ్ళు మూసుకుంది. పెదవి ఆనించినప్పుడు ఆమె భుజాలు బిగుసుకున్నాయి. గడ్డం దించింది. మింగింది. నేను చూస్తూనే ఉన్నాను, ఓడ మాత్రం పాపం కళ్ళు మూసుకునే ఉంది.

ఆకుపచ్చ.

"ఆ అను అప్పా."

"ఆ!"

పొడిగా, శుభ్రంగా, పక్క పడవ దాకా వినబడేలా.

జ్యేష్ఠ పున్నమి

ఫలితం నిన్ననే కేంద్రానికి చేరింది. డాక్టరు గారు మిగతా ఓడల్లో కూడా చేయించారు. గొట్టాల నిర్ణయం ఆగింది. ఎర్రమ్మ నుదురు చల్లబడింది, ఊరికి పంపొచ్చన్నారు. ఇక నుంచి చెంచా పరీక్షతో పాటు పెదవి ఆనించి గ్లాసుతో పరీక్ష, ఎవరికి ఇష్టమైతే వాళ్ళకు. నా వార్డులో ముగ్గురు ఒప్పుకున్నారు. మిగతావాళ్ళు చెంచాతోనే తాగుతామన్నారు, అదీ మంచిదే. వాళ్ళకు నేను ఎదురుగా కూర్చుని పడతాను. పడవ మీద గొట్టాల పెట్టెలు విప్పకుండానే తిరిగి వెళ్ళాయి.

"మీరు తాగిన సంగతి నేను ఎక్కడా రాయనవసరం లేదు," అన్నారు డాక్టరు గారు రేడియోలో. ఆమె మంచి మనిషి.

కాని ఎర్రమ్మ నీళ్ళ పెద్ద. ఓడ నిచ్చెన దించగానే, పడవ నడిపే గవ్వలపేట నూకాలును ఆమే పిలిచి చెప్పింది. దాచిపెడితే ఆమె ఎర్రమ్మ కాదు.

"నూకాలూ, నా గలాసు నాకు ఏరే అయింది. నా సాప వరస సివరెయ్యమని సెప్పు ఊల్లో. ఈ బాబు నా గలాసుకి పెదవి ఆనినాడు. వానలు ఎలిసీదాకా దిగకూడదు." ఎడమ చేత్తో నన్ను చూపించింది. "నానే సెప్తన్నాను. నా నోటితోటే."

నూకాలు నా వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె తప్పు కాదు. నా బదులు వచ్చిన కుర్రవాడు కూడా నిచ్చెన ఎక్కలేదు, పడవలోనే కూర్చుండిపోయాడు. నా చేతిసంచి సర్ది వాకిట్లో పెట్టుకున్నాను, దాన్ని తీసుకుని లోపల పెట్టాను.

ఓడ చేతులు ఎర్రమ్మను ఉయ్యాలలో కూర్చోబెట్టి దించుతున్నాయి. సగం దిగాక ఆపమంది.

"నాయుడూ! నువ్వు అందరిచేతా అనిపిత్తావు గదా. నిన్నెవులైనా అనమన్నారా?"

"ఏమనమని అప్పా?"

"ఆ అను!"

అందరూ చూస్తుండగా సిగ్గేసింది. "ఆ," అన్నాను.

"గట్టిగా!"

అన్నాను. ఆమె తల ఊపింది, పరీక్ష చేసినట్టు. పడవ కదిలింది. పోటు మీద ఉన్న సముద్రంలో చిన్నదైపోయేదాకా కమ్మీ దగ్గరే ఉన్నాను.

శ్రావణ శుద్ధ పున్నమి

వానలు మొదలై చాలా రోజులైంది. బొగ్గు ధూళి తడిసి గోడల వెంట నల్లగా కారుతోంది. ఓడ ఉయ్యాలలో కొత్త రోగులు ఇద్దరొచ్చారు. ఒకాయనకు చెవులు వినబడవు, ఇంకొకావిడకు మాట పడిపోయింది. నా అదృష్టం అలా ఉంది.

నూకాలు నిచ్చెన దగ్గరకు రాదు. సామాను తాడు కట్టి పంపించి, పడవలోంచే అరుస్తుంది. ఈరోజు వాన హోరులో గొంతు చించుకుని అరిచింది.

"నాయుడు బాబూ! ఎర్రమ్మప్ప కబురెట్టమంది!"

"ఎలా ఉంది?"

"బాగుంది! జొరం నేదు! వరస సివర కూకుంటంది, గలాసు ఆనించుకు తాగుతంది! మొదట్లో అందరూ మొకాలు తిప్పేసుకున్నాం! సూడండర్రా, ఇలగ తాగితే ముసలోల్లు బతుకుతారు, సూడండి అని అరిసింది! ఇప్పుడు గుంటలు సూత్తన్నారు! మా అత్త కూడా అలగే తాగుతంది!"

"కూజా ఇచ్చారా?"

"ఇయ్యనేదు! అడగనేదు కూడా!" నూకాలు తాడు చుట్టుకుంది. పడవ ఊగుతోంది. "ఆవిడ పక్కన ఒక సాప ఏత్తది, రోజూ! దాని మీద ఒక ఖాళీ గలాసు ఎడతాది! ఎవులిదప్పా అంటే, ఓడ మీద ఒకడున్నాడు, వానలెలిసాక వత్తాడు అంటాది!"

నేనేం చెప్పానో నాకు గుర్తు లేదు. సరే అనో, అలాగే అనో అరిచి ఉంటాను. పడవ వెళ్ళిపోయింది.

సాయంత్రం రోగులందరికీ నీళ్ళు పట్టడం అయ్యాక, అక్కడ వరస కూర్చునే వేళకు, గవ్వలపేట ఉన్న దిక్కుగా చాప వేసుకుని కూర్చున్నాను. ఓడ కళ్ళు మూసుకోబోతే, వద్దు, చూడు అన్నాను. దానికి ఏం అర్థమైందో తెలియదు గాని తెరిచే ఉంచింది. గ్లాసు అంచుకు పెదవి ఆనించి, గడ్డం దించి తాగాను. తరువాత ఎవరూ అడగకుండానే "ఆ" అన్నాను, గట్టిగా.

గొంతు తడిగా వచ్చింది.

భయపడి, కళ్ళు తుడుచుకుని, పట్టీ తెచ్చి మెడకు కట్టుకున్నాను. ఇంకో గుక్క తాగాను. ఆకుపచ్చ. మళ్ళీ "ఆ" అన్నాను, మళ్ళీ తడిగానే వచ్చింది. మరో గుక్క. ఆకుపచ్చ.

ఫలితం ఇక్కడ రాస్తున్నాను. సన్యాసినాయుడు, యాభై ఏడేళ్ళు. మింగడంలో ఏ లోపమూ లేదు.